రైలు మారడానికి విజయవాడ జంక్షన్ ఎంతవరకు పనికొస్తుంది? ఒక సమీక్ష

విజయవాడలో దిగి ఊళ్లోకి వెళ్లిపోయేవాళ్లకు దీంతో పెద్దగా పని లేదు. అక్కడ దిగి ఇంకో రైలెక్కేవాళ్ల కోసం రాస్తున్నది ఇది. ఖమ్మం నుంచి వచ్చి కాకినాడ వెళ్లేవాళ్లు, నెల్లూరు నుంచి వచ్చి భీమవరం బండి అందుకోవాల్సినవాళ్లు, బందరు నుంచి వచ్చి చెన్నై రైలు కోసం చూసేవాళ్లు రోజూ వేలల్లో ఉంటారు. వాళ్లకు కావలసింది మూడే ముక్కలు: ఎంత వ్యవధి పెట్టుకోవాలి, ఎక్కడ చిక్కుపడతాం, చిక్కుపడితే ఏం చేయాలి.

తీర్పు ముందే చెప్పేస్తే చదవడం తేలిక. రెండు గంటల వ్యవధి చేతిలో ఉంటే రైలు మారడానికి ఇంత అనువైన జంక్షన్ తెలుగు నేల మీద ఇంకోటి లేదు. వ్యవధి గంటలోపు ఉంటే మాత్రం దాన్ని నమ్ముకుని టికెట్ తీసుకోకూడదు. ఈ రెండు మాటలకూ కారణం ఒకటే, స్టేషన్ కూర్చున్న నేల. ఆ నేల సంగతి అర్థమైతే ఏ బండి ఎందుకు ఆగిందో, ఎంతసేపు ఆగుతుందో చాలావరకు మీరే చెప్పగలరు.

తూర్పు కనుమల చివరి గుట్టలు ఇక్కడ కృష్ణ ఒడ్డు దాకా దిగి వస్తాయి. ఉత్తరపు ఒడ్డున ఇంద్రకీలాద్రి, దక్షిణపు ఒడ్డున సీతానగరం కొండ. ఈ రెంటి నడుమ నది ఒదిగి, కిలోమీటరు పైచిలుకు వెడల్పులో పారుతుంది. ఇది దాటితే డెల్టా మొదలు, అంతా ఒండ్రు నేల. అందుకే నది మీద ఏం కట్టాలన్నా అందరి చూపూ ఇక్కడే పడింది. ఆర్థర్ కాటన్ హయాంలో కెప్టెన్ ఛార్లెస్ ఓర్ 1852-55 మధ్య ఆనకట్ట కట్టించింది ఈ ఇరుకులోనే. 1952లో అది తెగిపోయాక, 1957 నాటికి దాని బదులు ప్రకాశం బ్యారేజీ లేచింది. దాని పొడవు 1,223 మీటర్లు. రైలు వంతెనలు బ్యారేజీకి కాస్త దిగువన, హైవే మీది కనకదుర్గమ్మ వారధి ఇంకాస్త దిగువన ఉన్నాయి. మద్రాసు వైపు వెళ్లే బండిలో కుడి కిటికీ పక్కన కూర్చుంటే బ్యారేజీ, దాని వెనక ఇంద్రకీలాద్రి ఒక్క చూపులో కనిపిస్తాయి. ఈ ఊరు ఇక్కడే ఎందుకు పుట్టిందో ఆ చూపులోనే తెలిసిపోతుంది.

ఆనకట్ట దగ్గర మొదలైన ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచే పోతాయి. పడమట కొండలు, తూర్పున కాలువలు, దక్షిణాన నది. స్టేషన్ వీటన్నిటి నడుమ ఇరుక్కుని ఉంది. పడమటి పక్కన గాంధీ కొండ, తూర్పు పక్కన గాంధీనగరం, గవర్నరుపేట బజార్లు. ప్లాట్‌ఫారాలు పది ఉన్నాయి, పక్కకు జరిగి ఇంకో పది వేద్దామంటే చోటు లేదు. మిగతా పెద్ద ఊళ్లలో లాగా శివార్లలో ఒక పూర్తిస్థాయి రెండో టెర్మినల్ కూడా ఇక్కడ ఎదగలేదు. వచ్చే రద్దీ అంతా ఈ పదింటి మీదే పడుతుంది.

చరిత్ర కొంచెం చెప్పుకోక తప్పదు, ఎందుకంటే పట్టాలు ఇప్పుడున్న తీరుకు మూలం అదే. బెజవాడ మునిసిపాలిటీ అయిందీ, సదరన్ మరాఠా రైల్వే ఇక్కడికి చేరిందీ ఒకే ఏడు, 1888. పడమటి నుంచి గుంతకల్లు, నంద్యాల, గుంటూరు మీదుగా వచ్చిన ఆ లైను మీటర్ గేజి. మరుసటి ఏడు, 1889లో, సికింద్రాబాద్ నుంచి నిజాం రైల్వే దిగింది. అది బ్రాడ్ గేజి. 1893-96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే బెజవాడ నుంచి కటక్ దాకా పట్టాలు పరిచింది. మద్రాసుకు నేరుగా దారి దొరికింది 1899లో. అంటే నాలుగు వైపుల లైన్లు పదకొండేళ్లలోనే, వేర్వేరు కంపెనీల చేతుల మీదుగా వచ్చిపడ్డాయి. మొత్తాన్ని ఒకేసారి కూర్చోబెట్టి గీసిన యార్డు కాదిది. ఆ తర్వాత 1929లో కాజీపేట-బల్లార్షా లైను పూర్తయి ఢిల్లీ-మద్రాసు దారి కలిసింది. అప్పటి నుంచి బెజవాడ దాటకుండా ఉత్తరాది నుంచి మద్రాసు వెళ్లడం చుట్టుదారి అయిపోయింది. ఊరి పేరు మారినా స్టేషన్ కోడ్ ఈనాటికీ బీజడ్ఏ. టికెట్ తీసేటప్పుడు వెతకాల్సింది దీన్నే.

ఇప్పుడు అసలు విషయం. విజయవాడకు ఐదు దిక్కుల నుంచి పట్టాలు వస్తాయి గానీ స్టేషన్‌కు ఉన్నవి రెండు కొసలే. కాజీపేట లైను (కొండపల్లి, రాయనపాడు మీదుగా), విశాఖ లైను (ఏలూరు, గుణదల మీదుగా), గుడివాడ లైను (రామవరప్పాడు, మధురానగర్ మీదుగా), ఈ మూడూ ఉత్తరపు కొసలోనే కలుస్తాయి. దక్షిణపు కొస నుంచి బయల్దేరితే నది దాటాక కృష్ణా కెనాల్ జంక్షన్‌లో దారి చీలుతుంది. ఒకటి తెనాలి, ఒంగోలు, గూడూరు వైపు, రెండోది గుంటూరు వైపు. మీ ప్రయాణంలో వచ్చే కొస, వెళ్లే కొస ఏవో ముందు గుర్తుపెట్టుకోండి. మిగతా సలహాలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఉత్తరపు కొసలోంచి వచ్చి దక్షిణపు కొసలోంచి వెళ్లే బండికి ఇబ్బంది లేదు. ఢిల్లీ-చెన్నై బళ్లు, హౌరా-చెన్నై బళ్లు అలా ముక్కుసూటిగా పోతాయి. ఉత్తరపు కొసలోంచి వచ్చి మళ్లీ ఉత్తరపు కొసలోంచే వెళ్లాల్సిన బళ్లకే తంటా. హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా విశాఖ వెళ్లే గోదావరి, కాకినాడ వెళ్లే గౌతమి, హౌరా పక్కనున్న షాలిమార్ వెళ్లే ఈస్ట్ కోస్ట్, ఇవన్నీ విజయవాడలో వెనక్కి తిరుగుతాయి. వచ్చిన ఇంజన్ విప్పాలి, రెండో చివర ఇంకో ఇంజన్ తగిలించాలి, గాలి గొట్టాలు కలిపి బ్రేకులు చివరి పెట్టె దాకా పట్టుతున్నాయో లేదో చూడాలి, గార్డు ఇటు చివర నుంచి అటు చివరకు మారాలి. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు దీనికే పోతుంది. అంతసేపూ ఒక ప్లాట్‌ఫారం మూసుకుపోయినట్టే. 2023 జనవరి నుంచి నడుస్తున్న సికింద్రాబాద్-విశాఖ వందే భారత్‌కు ఈ బెడద లేదు. రెండు చివర్లా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది కాబట్టి సిబ్బంది అటు నడిచి వెళ్తే సరిపోతుంది. అది వేగంగా చేరడానికి పరుగుతో పాటు ఇక్కడ మిగిలే ఈ నిమిషాలూ కొంత కారణం.

ఇలా తిరిగే బండి ఎక్కేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పెట్టెల వరుస తలకిందులవుతుంది. హైదరాబాద్‌లో ఇంజన్ వెనకే ఉన్న పెట్టె విజయవాడ దాటాక బండి తోక అవుతుంది. మొబైల్ యాప్‌లలో కనిపించే పెట్టెల వరుస చాలాసార్లు బయల్దేరిన స్టేషన్ లెక్కలోనే ఉంటుంది. దాన్ని చూసుకుని ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో నిలబడితే రెండు నిమిషాల ఆగుదలలో ప్లాట్‌ఫారం అంతా పరుగెత్తాల్సి వస్తుంది. విజయవాడలో ఎక్కేవాళ్లు ప్లాట్‌ఫారం మీది డిస్‌ప్లే బోర్డునే నమ్మాలి. బోర్డు పనిచేయకపోతే కూలీని అడగండి, వాళ్ల లెక్క తప్పదు. కుర్చీ సీట్లలో ప్రయాణం చేసేవాళ్లకు ఇంకో మార్పు. హైదరాబాద్ నుంచి ముందుకు చూస్తూ వచ్చినవాళ్లు విజయవాడ నుంచి వెనక్కి చూస్తూ వెళ్తారు. కళ్లు తిరిగే గుణం ఉన్నవాళ్లు, విజయవాడ తర్వాతి దూరం ఎక్కువైతే, సీటు ఎంచుకునేటప్పుడే ఇది లెక్క వేసుకోవాలి.

వ్యవధి సంగతి. ఉత్తరపు కొసలో మూడు లైన్లు ఒకదాన్నొకటి కోసుకుంటూ ప్లాట్‌ఫారాల్లోకి రావాలి. ఒక బండి విశాఖ వైపు బయల్దేరుతుంటే, దాని దారికి అడ్డంగా రావాల్సిన కాజీపేట బండి బయటే ఆగాలి. అందుకే ఔటర్‌లో నిలబడటం ఇక్కడ మామూలు. కాజీపేట వైపు నుంచి వచ్చేవి రాయనపాడు తర్వాత, విశాఖ వైపు నుంచి వచ్చేవి గుణదల దగ్గర, దక్షిణం నుంచి వచ్చేవి కృష్ణా కెనాల్ దగ్గర ఆగుతాయి. కాజీపేట లైను మీద సింగరేణి బొగ్గు గూడ్సు బళ్లు కూడా ఎక్కువ. ఇబ్రహీంపట్నం దగ్గరి నార్ల తాతారావు థర్మల్ కేంద్రానికి బొగ్గు వచ్చే దారి ఇదే.

ఇక్కడ ఒక మంచి సంగతి కూడా ఉంది. పెద్ద జంక్షన్‌కు ముందు రైల్వే టైంటేబుల్‌లో కొంత అదనపు సమయం కలిపి పెడుతుంది. కొండపల్లి దాటడానికీ విజయవాడ చేరడానికీ మధ్య పట్టికలో చూపే నిమిషాలు ఆ దూరానికి కావలసినవాటి కంటే బాగా ఎక్కువ ఉంటాయి. కాబట్టి మీ బండి ఖమ్మంలో ఇరవై నిమిషాలు లేటని కంగారు పడక్కర్లేదు, విజయవాడకు వేళకే చేరవచ్చు. ఖమ్మంలో గంట లేటైతే మాత్రం ఆ లేటు పూర్తిగా పూడదు. బండి ఎక్కడుందో చూడటానికి రైల్వే వారి సొంత యాప్ ఎన్‌టీఈఎస్ చాలు, 139కి ఫోన్ చేసినా చెబుతారు. బయటి యాప్‌లు ప్రయాణికుల ఫోన్ల ఆధారంగా అంచనా కట్టి చెబుతాయి. ఔటర్‌లో నిలబడ్డ బండిని అవి ఒక్కోసారి 'చేరింది' అని చూపిస్తాయి.

ఏ దిక్కు నుంచి వచ్చే బండికి ఎంత వ్యవధి వదలాలంటే, నా లెక్క ఇది. దగ్గర్లో బయల్దేరిన బండి అయితే, అంటే గుంటూరు, బందరు, తెనాలి లాంటి చోట్ల నుంచి వచ్చేదైతే, గంట చాలు. విశాఖ, చెన్నై, సికింద్రాబాద్‌ల నుంచి వచ్చే పగటి బండికి రెండు గంటలు. హౌరా, ఢిల్లీల నుంచి వచ్చేదైతే నాలుగు గంటలకు తగ్గించకండి. డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తరాది పొగమంచు వల్ల ఢిల్లీ బళ్లు ఇంకా ఎక్కువ లేటవుతాయి. ఆ రెండు నెలల్లో మారాల్సిన బండి మరుసటి పూట ఉండేలా చూసుకోవడం మేలు.

టికెట్ దగ్గర చాలామంది వాడుకోని సదుపాయం ఒకటుంది. రెండు బళ్లకు విడివిడిగా తీసుకున్న టికెట్ల పీఎన్‌ఆర్‌లను ఒకదానికొకటి జత చేయవచ్చు. 2019 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతి ఉంది. మొదటి బండి లేటై రెండోది తప్పిపోతే, రెండో టికెట్ డబ్బు రద్దు ఛార్జీలు లేకుండా వెనక్కి వస్తుంది. షరతులు రెండు. ప్రయాణికుల పేర్లు, వివరాలు రెండు టికెట్లలోనూ ఒకేలా ఉండాలి. మొదటి టికెట్ దిగే స్టేషన్, రెండోది ఎక్కే స్టేషన్ ఒకటే కావాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఈ రెండో షరతు దగ్గరే. మొదటి టికెట్ గుణదలకో రాయనపాడుకో తీసుకుని రెండోది విజయవాడ నుంచి తీసుకుంటే జత కుదరదు. కౌంటర్ టికెట్ అయితే లేటైన బండి నిజంగా చేరిన మూడు గంటల్లోపు స్టేషన్‌లోనే టికెట్ తిరిగి ఇచ్చేయాలి. ఆన్‌లైన్ టికెట్ అయితే టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోరే దరఖాస్తు, వేయాలి, అది దిగిన వెంటనే వేసేయడం క్షేమం. అన్‌రిజర్వుడు టికెట్లకు ఇదేదీ వర్తించదు. 200 కిలోమీటర్ల లోపు అన్‌రిజర్వుడు టికెట్ తీసుకున్న మూడు గంటల్లోపు, లేదా ఆ దిక్కు వెళ్లే మొదటి బండి వరకే పనికొస్తుంది. అందుకని విజయవాడ నుంచి మెమూలో వెళ్లాల్సినవాళ్లు పొద్దున్నే టికెట్ కొని జేబులో పెట్టుకోవద్దు, దిగాక తీసుకోండి. ఫోన్లో కూడా తీసుకోవచ్చు.

స్టేషన్ లోపల. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం తూర్పున, ప్రధాన ద్వారం పక్కన. పదో నంబరు పడమట, తారాపేట వైపు. ప్లాట్‌ఫారాలను కలిపే పైవంతెనలకు ఎస్కలేటర్లు, లిఫ్టులు ఉన్నాయి గానీ అన్ని ప్లాట్‌ఫారాలకూ అన్ని చోట్లా లేవు. రెండు బండ్లు ఒకేసారి ఆగితే లిఫ్టు దగ్గర వరుస కదలదు. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు చక్రాల కుర్చీ ముందే అడిగి పెట్టుకోవాలి, ఆ సమయానికి వెతుక్కుంటే దొరకడం కష్టం. ఇరవై నాలుగు పెట్టెల బండి అర కిలోమీటరు పైగా పొడవుంటుంది. మీ పెట్టె ఒక చివర ఆగి, ఎక్కాల్సిన పెట్టె ఇంకో ప్లాట్‌ఫారంలో రెండో చివర ఉంటే, సామానుతో మెట్లెక్కి దిగి నడవడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. గంటలోపు వ్యవధి వద్దనడానికి ఇదీ ఒక కారణం. ప్లాట్‌ఫారం మార్పు చివరి నిమిషంలో ప్రకటించడం ఉత్తరపు కొస రద్దీ ఫలితమే. ఏ లైను ఖాళీ అయితే అందులోకి బండిని తీసుకోక తప్పదు వాళ్లకు. కాబట్టి బండి వేళకు ముందే ప్లాట్‌ఫారం చివర కూర్చోవద్దు. పైవంతెనకు దగ్గర్లో ఉంటే ఎటు మారినా అందుకోవచ్చు.

ఊళ్లోకి వెళ్లాలన్నా ద్వారం ఎంపిక ముఖ్యమే. గాంధీనగరం, గవర్నరుపేట, బస్టాండు, బెంజి సర్కిల్ వైపు వెళ్లేవాళ్లు తూర్పు ద్వారంలోంచి బయటపడాలి. వన్‌టౌన్, చిట్టినగర్, భవానీపురం, దుర్గ గుడి వైపు వెళ్లేవాళ్లకు తారాపేట ద్వారమే దగ్గర. తప్పు ద్వారంలోంచి బయటికొస్తే పట్టాలను చుట్టి అటు వెళ్లాలి. వాన రోజుల్లో పట్టాల కింది దారుల దగ్గర నీళ్లు నిలుస్తాయి కాబట్టి ఆటోవాళ్లు ఇంకా దూరం తిప్పుతారు. పండిట్ నెహ్రూ బస్టాండు రెండు కిలోమీటర్ల లోపే. గన్నవరం విమానాశ్రయం ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. గన్నవరంలో రైల్వే స్టేషన్ ఉందని అటు లెక్క వేసుకోకండి, ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు అక్కడ ఆగవు.

ఆరేడు గంటలు ఆగాల్సి వస్తే రిటైరింగ్ రూమ్ తీసుకోండి. ఐఆర్‌సీటీసీలో ముందే బుక్ చేయవచ్చు, కానీ కన్ఫర్మ్ అయిన లేదా ఆర్‌ఏసీ టికెట్ పీఎన్‌ఆర్ కావాలి, వెయిటింగ్ లిస్టుతో కుదరదు. డార్మిటరీ పడకలు కూడా ఉన్నాయి. దసరా రోజుల్లోనూ, భవానీ దీక్షల విరమణ సమయంలోనూ ఇవి దొరకవు. క్లోక్‌రూమ్‌లో సామాను పెట్టాలంటే ప్రతి పెట్టెకూ తాళం ఉండాలి, ప్రయాణం టికెట్ చూపించాలి. జిప్పు సంచీకి చిన్న తాళమైనా వేసుకుని రండి, లేదంటే తీసుకోరు.

భోజనానికి ప్లాట్‌ఫారం మీద దొరికేవాటితో సరిపెట్టుకోవచ్చు గానీ, గంటన్నర సమయం ఉంటే తూర్పు ద్వారం నుంచి గాంధీనగరం వెళ్లడం మంచిది. ఇడ్లీకి పేరుపడ్డ బాబాయ్ హోటల్ అక్కడే ఉంది. ఇంకా సమయం ఉంటే చూడదగ్గ చోటు స్టేషన్ పక్కనే ఉన్న గాంధీ కొండ. దాని పాత పేరు ఓర్ కొండ, ఆనకట్ట కట్టించిన ఓర్ పేరే. పైన 1968లో ఆవిష్కరించిన 52 అడుగుల గాంధీ స్తూపం ఉంది. అక్కడి నుంచి చూస్తే యార్డు మొత్తం, నది, కొండలు కిందే పరుచుకుని ఉంటాయి. పైన చెప్పిన ఉత్తరపు కొస గొడవంతా అక్కడ నిలబడి పావుగంట చూస్తే ఇంకెవరూ వివరించక్కర్లేదు. తెరిచి ఉందో లేదో కనుక్కుని ఎక్కండి. బందరు రోడ్డులోని బాపు మ్యూజియం కూడా ఆటోలో దగ్గరే. 1921లో పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా అందించింది ఈ ఊళ్లోనే, ఆ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు అది చూడకుండా వెళ్లకూడదు.

విజయవాడలోనే మొదలయ్యే పగటి బళ్ల గురించి ఒక మాట. సికింద్రాబాద్‌కు శాతవాహన, చెన్నైకి పినాకిని, విశాఖకు రత్నాచల్. ఈ మూడూ పొద్దున ఆరు గంటల ప్రాంతంలో బయల్దేరతాయి. ఊళ్లో ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. పొద్దున వెళ్లి పని చూసుకుని రాత్రికి రావచ్చు. బండి ముందుగానే ప్లాట్‌ఫారం మీద ఉంటుంది కాబట్టి జనరల్ పెట్టెలో కూడా తొందరగా వస్తే సీటు దొరుకుతుంది. కానీ రైలు మారేవాళ్లకు ఇవి అందవు. మూడూ ఒకే వేళకు మూడు దిక్కులకు వెళ్లిపోతే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారడం కుదరదు. బందరు, గుడివాడల నుంచి వీటిని అందుకోవాలంటే ముందు రాత్రే విజయవాడ చేరాలి. వీటిలో ఒక్కదాన్ని రెండు గంటలు వెనక్కి జరిపినా డెల్టా ఊళ్లకు ఎంతో మేలు.

వానల సంగతి వేరుగా చెప్పాలి. కృష్ణ పెద్ద నదే, కానీ రైలుకు ఎక్కువ భయం బుడమేరుతో. మైలవరం వైపు కొండల నుంచి వచ్చే ఈ వాగు ఊరికి ఉత్తరంగా సాగి కొల్లేరులో కలుస్తుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో దానికి గండ్లు పడి సింగ్ నగర్ మునిగింది, రాయనపాడు స్టేషన్ నీళ్లలో ఉండిపోయింది. అదే వానకు మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె-కేసముద్రం మధ్య పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి కాజీపేట దారి తెగింది. ప్రకాశం బ్యారేజీకి అప్పుడు వచ్చిన వరద 11.43 లక్షల క్యూసెక్కులు, 2009 నాటి 11.10 లక్షలను మించింది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ప్రయాణం పెట్టుకునేవాళ్లు వాతావరణ హెచ్చరిక ఉన్న రోజున విజయవాడలో మారే ప్రయాణాన్ని వాయిదా వేసుకోవడమే మంచిది. కాజీపేట దారి ఆగితే హైదరాబాద్ వెళ్లడానికి గుంటూరు, నల్గొండ దారి ఉంటుంది, కానీ అందరూ అటే తిరగడంతో అక్కడ సీట్లు ఉండవు. మేలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. ప్లాట్‌ఫారం చివర్లలో కప్పు లేని చోట మధ్యాహ్నం పూట పిల్లలతో నిలబడొద్దు.

అసలు విజయవాడలో మారకుండా పని జరిగే ప్రయాణాలు కూడా ఉన్నాయి, వాటిని మర్చిపోకూడదు. హైదరాబాద్ నుంచి గుంటూరు, తెనాలి వెళ్లేవాళ్లకు నల్గొండ మీదుగా నేరుగా బళ్లున్నాయి, విజయవాడ దాకా రానక్కర్లేదు. భీమవరం నుంచి బందరు వెళ్లేవాళ్లు గుడివాడలో మారాలి. చెన్నై వైపు నుంచి రేపల్లె వెళ్లేవాళ్లు తెనాలిలో దిగాలి. విశాఖ నుంచి కొత్తగూడెం వెళ్లేవాళ్లు డోర్నకల్ చూసుకోవాలి. గుంటూరుకు రైల్లో 32 కిలోమీటర్లే. లోకల్ బండికి గంట ఆగాల్సి ఉంటే బస్టాండుకు వెళ్లడమే త్వరగా అవుతుంది. ఇంకొక జాగ్రత్త. రద్దీ తగ్గించడానికి, లేదా యార్డు పనుల సమయంలో, కొన్ని బళ్లను రాయనపాడు నుంచి గుణదల వైపు బైపాస్ మీదుగా పంపేస్తారు. అవి విజయవాడలోకి రావు. 'వయా విజయవాడ' అని ఎక్కడో చదివి నమ్మకుండా, ప్రయాణానికి ముందు రోజు ఎన్‌టీఈఎస్‌లో ఆగే స్టేషన్ల వరుస చూసుకోండి. 2016 పుష్కరాలప్పుడు రాయనపాడు, గుణదల, మధురానగర్, కృష్ణా కెనాల్ స్టేషన్లను శాటిలైట్ స్టేషన్లుగా వాడారు. 2028 పుష్కరాలకు మళ్లీ అదే జరిగే అవకాశం ఎక్కువ. ఈ చిన్న స్టేషన్ల నుంచి రాత్రివేళ ఆటో దొరకడం కష్టమని తెలిసి దిగండి.

ఈ స్టేషన్ భారం నిజంగా తగ్గించగలిగేది ప్లాట్‌ఫారాల మీద వేసే గ్రానైటు కాదు. ప్రయాణికుల ఆదాయం లెక్కన దీన్ని అత్యున్నతమైన ఎన్‌ఎస్‌జీ-1 శ్రేణిలోకి చేర్చారు, దానికి తగ్గ వసతులు రావాల్సిందే. కానీ పట్టాల ఇరుకు తీరాలంటే బళ్లు ఇక్కడికి రాకుండా పోయే దారి కావాలి. 2024 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన ఎర్రుపాలెం-నంబూరు లైను అలాంటిది. అమరావతి మీదుగా 57 కిలోమీటర్లు, కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల కొత్త వంతెన, అంచనా వ్యయం 2,245 కోట్ల రూపాయలు. అది పూర్తయితే కాజీపేట వైపు నుంచి గుంటూరు వెళ్లే గూడ్సులూ ఎక్స్‌ప్రెస్‌లూ బెజవాడ ఉత్తరపు కొసలో వరుస కట్టాల్సిన పని ఉండదు. కాజీపేట-విశాఖ మధ్య తిరిగే బళ్లకు మాత్రం దానివల్ల నేరుగా ఒరిగేది లేదు, వాటి ఇంజన్లు ఇక్కడ మారుతూనే ఉంటాయి. ఆ బళ్లలో వెళ్లేవాళ్లు పెట్టె వరుస తిరగబడే సంగతి అప్పటికీ గుర్తుపెట్టుకోవాల్సిందే.